ఆ పొగ నాది కాదండి

ఇంజను పొగ వదిలితే ముందు దాని రంగు రాసుకోవాలి. చెయ్యి పెట్టడం ఆ తరవాత. ఈ అలవాటు నాకు రేపల్లెలో అబ్బింది. నా మొదటి ఉద్యోగం అక్కడే, పొలాలకు నీళ్ళు తోడే డీజిలు పంపుల దగ్గర. నాకు పని నేర్పిన మేస్త్రీని అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన నా చేతికి స్పానరు ఇచ్చే ముందు ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. "కళ్ళతో చూసింది రాయి. బుర్రలో అనుకున్నది రాయకు" అన్నాడు. ఆ నోటుపుస్తకం తరవాత ఇంకొకటి, ఆ తరవాత ఏడాదికో డైరీ. ఇప్పుడవి తెనాలిలో మా ఇంటి బీరువాలో రెండు అరలు ఆక్రమించుకున్నాయి. మా ఆవిడ వాటిని పొగ పుస్తకాలంటుంది.

వాటిలో ఒక వారం పేజీల గురించి మీకు చెప్పాలి. వర్క్‌షాపుల్లో కొత్తగా చేరుతున్న మీకు పనికొస్తుందని ఒక కారణం. ఆ వారం నేను ఒక మనిషి బతుకుతెరువు మీదికి తెచ్చాను. నన్ను సమయానికి పట్టుకుని ఆపినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మేలు ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలన్నది రెండో కారణం.

ఉద్యోగంలో చివరి తొమ్మిదేళ్ళు బాపట్లలో ఒక విద్యాసంస్థ వర్క్‌షాపులో మెకానిక్‌గా చేశాను. తెనాలి నుంచి పొద్దున్నే పాసింజరు బండి, సాయంత్రం మళ్ళీ అదే. నా చేతికింద రెండు ట్రాక్టర్లు, ఒక జనరేటరు, బోర్ల మీద మోటార్లు ఉండేవి. జీవితమంతా డీజిలుతోనే గడిచింది కాబట్టి చిన్న పెట్రోలు ఇంజన్లంటే నాకు లోకువ. వాటిని బొమ్మల కింద లెక్కేసేవాణ్ణి.

ఆట స్థలం పని చూసే అతను సూర్యలంక మనిషి. వయసు యాభైకి అటూ ఇటూ. పాతికేళ్ళు సముద్రం మీద వేటకు వెళ్ళి, వల లాగి లాగి కుడి భుజం పాడైతే, ఒడ్డున పని వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి జాబితా పై ఆఫీసుకి వెళుతుంది. అందులో పేరుంటే ఇంకో ఏడాది పని, లేకపోతే లేదు. గడ్డి కోయడానికి అతని దగ్గర భుజానికి తగిలించుకునే పాత యంత్రం ఒకటి ఉండేది. అందులో పెట్రోలు ఉత్తది పోయకూడదు, నూనె కలిపి పోయాలి. ఆ పని అతనికి కొట్టిన పిండి, ఎందుకంటే వాళ్ళ పడవ ఇంజనుకీ అలాగే కలుపుతారు. కొలత గ్లాసు ముట్టుకునేవాడు కాదు. క్యానులో నూనె పోసి, ఊపి, మూత తీసి వాసన చూసి, "చాలండి" అనేవాడు. ఒకసారి నేను అనుమానపడి కొలిచాను. పుస్తకంలో చెప్పిన లెక్కకు చుక్క తేడా లేదు.

ఆ యంత్రం బరువుకి అతని భుజం ఇంకా పాడవుతోందని నేనే ఆఫీసుకి రాసి, నాలుగు చక్రాల మీద తోసుకుంటూ పోయే కొత్త గడ్డి మిషను తెప్పించాను. అదొక సోమవారం వచ్చింది. మరుసటి వారం బుధవారం క్రీడాపోటీలు. వానలకు గ్రౌండంతా మోకాలెత్తు గడ్డి. నేను మిషను విప్పి, బిగించి, అడుగున నూనె పోసి, "రేపు పొద్దున పెట్రోలు పోసి నడుపు" అని చెప్పి రైలుకి వెళ్ళిపోయాను.

ఈ కొత్త మిషనులో నూనె విడిగా అడుగునే ఉంటుంది, పెట్రోల్లో కలపకూడదు. ఆ ఒక్క మాట నేను చెప్పలేదు. నాకు తెలిసింది ఎదుటివాడికీ తెలుసనుకోవడం మెకానిక్కులకు వచ్చే జబ్బుల్లో మొదటిది.

మంగళవారం నేను వెళ్ళేసరికి మిషను నడుస్తోంది, వెనక నీలంగా పొగ.

"ఏవయ్యా, ఏం పోశావు?"

"పెట్రోలేనండి."

"ఉత్త పెట్రోలేనా?"

"ఉత్త పెట్రోలు ఎవరన్నా పోస్తారేంటండి? ఇంజను పట్టేసుద్ది కదా. నూనె కలిపే పోశాను." ఇంత అనుభవమున్న మెకానిక్కు ఇలాంటి వెర్రి ప్రశ్న అడిగాడేంటన్నట్టు చూశాడు.

మిషను ఆపించాను. సంగతి చెప్పాను. అతను నాలిక్కరుచుకున్నాడు. నిజానికి అది పెద్ద తప్పు కాదు. కలిపిన పెట్రోలు తీసేసి, మంచి పెట్రోలు పోసి, ప్లగ్గు తుడిచి కాసేపు నడిపితే సరిపోతుంది. ఇక్కడిదాకా నాకు తెలిసిన విద్యే.

టాంకులోంచి పెట్రోలు తీయడానికి దానికి కుళాయి లాంటిది ఏమీ లేదు. నేనేం చేశానంటే, మా కాలంలో స్కూటరు మొరాయిస్తే పక్కకు వంచేవాళ్ళం చూడండి, అలా వంచాను. స్కూటరున్న ప్రతివాడూ రోడ్డు పక్కన ఆ పని చేసినవాడే. టాంకు మూత తీసి, కింద తొట్టి పెట్టి, మిషనుని కుడివైపుకి వాల్చి గోడకి ఆనించాను. చివరి చుక్క దాకా కారనీ అని భోజనానికి వెళ్ళాను. క్యారేజీ విప్పి, తీరిగ్గా తిని, మజ్జిగ తాగి వచ్చాను.

మధ్యాహ్నం రెండున్నరకి మంచి పెట్రోలు పోసి స్టార్టు తాడు లాగితే ఒక పట్టాన కదల్లేదు. నాలుగోసారి అంటుకుంది. అంటుకోగానే తెల్లటి పొగ, మనిషికి మనిషి కనపడనంత. వాలీబాల్ ఆడుతున్న పిల్లలు దగ్గుతూ, "దోమల మందు బండి వచ్చిందిరోయ్!" అని అరుచుకుంటూ పరిగెత్తారు. ఆఫీసు కిటికీలు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. మళ్ళీ ఆపి, మళ్ళీ లాగాను. మళ్ళీ అంతే.

మా ఎస్టేటు ఆఫీసరుగారు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చారు. మాట కరుకు, మనిషి నిక్కచ్చి. "నిన్న వచ్చిన మిషనండీ ఇది. ఏంటి సంగతి?"

"ఇతను నూనె కలిపిన పెట్రోలు పోశాడు సార్. లోపల దెబ్బతిన్నట్టుంది."

"రాసివ్వండి."

రాసిచ్చాను. "నూనె కలిపిన పెట్రోలు వాడినందువల్ల ఇంజను లోపలి భాగాలు దెబ్బతిన్నవి." నేను లోపలి భాగాలు చూడలేదు. విప్పనే లేదు. ముప్పై ఏళ్ళు పైబడిన సర్వీసులో బుర్రలో అనుకున్నదాన్ని కళ్ళతో చూసినట్టు రాసింది అప్పుడే.

ఆఫీసరుగారు కాగితం మడుస్తుంటే సూర్యలంక మనిషి ఒకడుగు ముందుకి వేశాడు. "సార్, ఆ పొగ నాది కాదండి."

"ఏంటి?"

"పొద్దున వచ్చింది నాదండి. సన్నగా, నీలంగా ఉంది. పాతికేళ్ళు దాన్ని పీల్చుకుంటానే బతికాను, నా పొగ నాకు తెలవదా అండి? ఇప్పుడొచ్చేది వేరే పొగ. పచ్చి నూనె మాడతంది లోపల."

"పొగలో కూడా నీదీ నాదీ ఉంటాయా?" అని ఆఫీసరుగారు నా వంక చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది.

కంపెనీకి ఫోను చేస్తే, నూనె కలిపి పోస్తే గ్యారంటీ వర్తించదన్నారు. దాంతో కొత్త మిషను పాడుచేసినందుకు అతన్ని బుధవారం సాయంత్రం నుంచి పనికి రావద్దన్నారు. మరుసటి మంగళవారం పైకి వెళ్ళాల్సిన జాబితాలోంచి పేరు కొట్టేసి, ఇంకొకరిని చూడమని కాంట్రాక్టరుకి చెప్పారు. అతను వాదించలేదు. పాత యంత్రం శుభ్రంగా తుడిచి కొక్కేనికి తగిలించి, షెడ్డు తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు. "వస్తానండి" అన్నాడు. నేను తల ఊపాను. అంతే.

ఆదివారం పొద్దున జేబు పుస్తకంలోని వారం రాతల్ని డైరీలోకి ఎక్కించడం నా పద్ధతి. కాఫీ తాగుతూ మంగళవారం దగ్గరికి వచ్చాను. ఉదయం తొమ్మిదీ పది: పొగ సన్నం, నీలం. మధ్యాహ్నం రెండున్నర: పొగ దట్టం, తెలుపు. రెండింటి మధ్యా ఒకే ఒక్క వాక్యం ఉంది: పెట్రోలు తీయడానికి మిషను వంచాను. దాని కింద అతనన్న మాట, ఎందుకు రాసుకున్నానో కానీ, ఉన్నదున్నట్టు రాసి ఉంది.

పెన్ను ముందుకి సాగలేదు. చెడు పెట్రోలు తీసేశాక పొగ తగ్గాలి. పెరిగింది. అంటే పెంచింది మధ్యలో ఉన్న వాక్యం. ఆ వాక్యంలో పనిచేసిన చేతులు నావి. కానీ వంచితే ఏమవుతుందో నాకు తెలియదు. తెలిసినవాడు ఒక్కడే. చొక్కా వేసుకుని రేపల్లె బండి ఎక్కాను.

బాబాయ్‌కి అప్పటికి ఎనభై దాటాయి. రిటైరయ్యాక కొడుకుతో స్కూటర్లు, మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే షెడ్డు పెట్టించి, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూచుని వచ్చే పోయే ప్రతి బండినీ చెవులతోనే పరీక్ష చేస్తుండేవాడు.

"ఏరా అబ్బాయ్, ఎవరన్నా పోయారా? ఆదివారం పూట వచ్చావు."

డైరీ చేతికిచ్చాను. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"ఎటు వంచావు?"

"కుడికి."

"కుడి పక్క ఏముంది? గాలి డబ్బానా?"

ఎయిర్ ఫిల్టర్ని ఆయన గాలి డబ్బా అంటాడు. కళ్ళు మూసుకుని మిషనుని గుర్తు తెచ్చుకున్నాను. "అవును బాబాయ్. కార్బురేటరు, ఫిల్టరు అటే ఉన్నాయి."

"ఎంతసేపు?"

"అన్నం తిని వచ్చేదాకా."

ఆయన నవ్వు దగ్గులోకి దిగింది. కొడుకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "ఓరి నీ దుంప తెగ! అడుగున ఉన్న నూనెంతా వెళ్ళి గాలి డబ్బాలో, పిస్టను మీదా కూచుందిరా. అది మండుతుంటే పొగ రాక పన్నీరు వస్తుందా? స్కూటరుకి నూనె పెట్రోల్లోనే ఉంటుంది కాబట్టి ఎటు వంచినా చెల్లింది. దీన్ని వంచాలంటే గాలి డబ్బా పైకి ఉండేట్టు వంచాలి." కళ్ళు తుడుచుకున్నాడు. "బాగుంది. అతను పడవ అలవాటు కొద్దీ పోశాడు. నువ్వు స్కూటరు అలవాటు కొద్దీ వంచావు. ఇద్దరిదీ ఒకటే జబ్బు. అతన్ని ఇంటికి పంపించారు, నిన్ను మాత్రం జీతమిచ్చి ఉంచారు."

నేను డైరీ వెనక్కి తీసుకున్నాను.

"ఇంజనుకి ఏమీ కాలేదు, పో. కడిగి ఆరబెడితే నడుస్తుంది. నువ్వు రాసిచ్చిన కాగితాన్ని ఎలా కడుగుతావో అది చూసుకో" అన్నాడు. భోజనం పెట్టించి గాని పంపలేదు.

సోమవారం పెందలాడే బండికి వెళ్ళి షెడ్డు తెరిచాను. ఫిల్టరు విప్పితే లోపలి స్పాంజి నూనెలో నానబెట్టిన గారెలా ఉంది. సబ్బునీళ్ళతో కడిగి ఎండలో పెట్టాను. ప్లగ్గు ఊడదీసి తాడు లాగితే ఆ కన్నంలోంచి నూనె చిమ్మి నా చొక్కా మీద పడింది. చిమ్మడం ఆగేదాకా లాగి, గుడ్డతో తుడిచి, అడుగున తగ్గిన నూనె పోసి, అంతా బిగించి లాగాను. మొదట తెల్లపొగ వచ్చింది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నాలుగు నిమిషాలకి పలచబడింది. తొమ్మిదో నిమిషానికి సైలెన్సరు వెనక గోడ మీది సున్నపు పెచ్చులు స్పష్టంగా కనపడ్డాయి.

అప్పుడు షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ మాట మీతో దాచను. ఎవరికీ ఏమీ తెలియదు. "లోపలి భాగాలు కష్టపడి బాగుచేశాను" అని చెబితే మెచ్చుకునేవాళ్ళే తప్ప అడిగేవాళ్ళు లేరు. ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంటు. సర్వీసు మొత్తంలో ఒక్క మెమో కూడా లేదని చెప్పుకుని తిరిగే మనిషిని. చేతులు కడుక్కోవడానికి ఆ రోజు నాకు అరగంట పట్టింది. సబ్బు రాస్తూనే ఉన్నాను. జాబితా వెళ్ళేది రేపు. చివరికి డైరీ చంకలో పెట్టుకుని ఆఫీసుకి నడిచాను.

ఆఫీసరుగారు మొత్తం విన్నారు. "మీ కాగితం మీద నేను సంతకం పెట్టి పైకి పంపానండీ. ఇప్పుడొచ్చి అది తప్పంటే నేనేం కావాలి?"

"నా తప్పని రాసిస్తాను సార్."

"రాసిస్తే మెమో వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్."

"ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిది కదూ?"

"అవును సార్."

ఆయన లేచి, నాతో షెడ్డు దాకా వచ్చి, మిషను నడిపించి చూసుకున్నారు. తరవాత ఎంతో మామూలుగా, "జాబితా రేపు సాయంత్రం అయిదింటికి పోతుంది. అతన్ని మళ్ళీ చేర్చాలని మీ చేత్తో రాసిన కాగితం ఈలోపు నా బల్ల మీద ఉండాలి. అతను కూడా మనిషిగా ఇక్కడ ఉండాలి" అన్నారు. మెమో ఆ నెలాఖరుకి వచ్చింది. ఆయన దానికి ఎంత తక్కువ మాటలు వాడాలో అంత తక్కువ వాడారు. గట్టిగా రాయగలిగీ రాయని చేతికి నేను ఋణపడి ఉన్నాను.

ఆ మధ్యాహ్నమే ఆటో పట్టుకుని సూర్యలంక వెళ్ళాను. గడ్డి మిషను దగ్గర పనిచేసే అతని ఇల్లెక్కడని అడిగితే చూపించారు. గుమ్మం ముందు అతని భార్య ఎండు చేపలు తిరగేస్తోంది. నేనెవరో చెప్పకముందే నా చొక్కా మీది నూనె మరకలు చెప్పేసినట్టున్నాయి.

"మిషను పొగొచ్చిందని మా ఆయన్ని పంపించేశారంటగా అండి. మా పొయ్యి కూడా ఒకటే పొగ. ఎవర్ని పంపించమంటారు?"

"తప్పు నాదమ్మా. అది చెప్పడానికే వచ్చాను."

ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది. లోపలికి తిరిగి, "ఇదుగో, ఎవరో పెద్దాయన తప్పు తనదేనంటన్నాడు, బయటికి రా! ఇలాంటియి మళ్ళీ మళ్ళీ రావు!" అని కేకేసింది.

అతను తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. రెండు రోజులుగా తెలిసినవాళ్ళ పడవ మీద వెళుతున్నాడట. కుడి చెయ్యి నడుముకి ఆనించి పట్టుకున్న తీరులోనే తెలిసింది, భుజం ఎలా ఉందో. అక్కడే నిలబడి వంచిన సంగతీ, ఎటు వంచిందీ, గాలి డబ్బా సంగతీ చెప్పాను. అతను కోప్పడతాడనుకుని సిద్ధపడి వెళ్ళాను. అతను మాత్రం ఆసక్తిగా వింటూ, "అయితే ఎడం పక్కకి వంచితే ఏం కాదన్నమాట?" అని అడిగాడు.

"ఏం కాదు."

"మరి నేను పోసింది కూడా తప్పేగా అండి. మొదటిది నాది, రెండోది మీది. రెండూ రాయండి."

"నువ్వు పోసింది తప్పే. పోయొద్దని చెప్పకపోవడం కూడా నాదే."

"అయితే మీకు రెండు, నాకొకటి" అన్నాడు. భార్య నవ్వింది. ఆమె తాగమని ఇచ్చిన టీ గ్లాసు అంచుకి ఉప్పు అంటుకుని ఉంది. అంత మంచి టీ నేను తక్కువసార్లు తాగాను.

నేను రమ్మన్నట్టే మంగళవారం నా రైలు కంటే ముందే అతను గ్రౌండులో ఉన్నాడు. తాడు ఎడం చేత్తో లాగి మిషను నడుపుతున్నాడు. అప్పటికే మూడు వరసలు కోసేశాడు. పొగ లేదు. పచ్చి గడ్డి వాసన మాత్రం ఆఫీసు వరండా దాకా వస్తోంది.

నేను బల్ల ముందు కూచుని కాగితం మొదలుపెట్టాను. గతంలో నేనిచ్చిన రిపోర్టు తప్పనీ, మిషనుని సరికాని వైపు వంచింది నేనేననీ, అందువల్ల ఆట స్థలం పనివాడైన... అక్కడ ఆగిపోయాను. అతని పేరు నాకు తెలియదు. అందరం అతన్ని "సూర్యలంకా" అనే పిలిచేవాళ్ళం. ట్రాక్టరు ఇంజను నంబరు నిద్రలో అడిగినా చెప్పగలను. నాలుగేళ్ళుగా నా పక్కన పనిచేస్తున్న మనిషి పేరు నా డైరీల్లో ఒక్క పేజీలోనూ లేదు.

కాగితం పట్టుకుని గ్రౌండులోకి వెళ్ళాను. అతను మిషను ఆపాడు.

"పూర్తి పేరు చెప్పవయ్యా. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో."

చెప్పాడు. నెమ్మదిగా, నేను రాసుకునేట్టు ఆగి ఆగి చెప్పాడు. రాసి, అతని ముందే ఒకసారి పైకి చదివాను.

"మరి మీ పేరేంటండి సార్?"

"నా పేరు తెలియదా?"

"మెకానిక్ సారనే కదండీ అందరూ అంటారు. వచ్చిన పెద్దాయన ఎవరని రాత్రి మా ఆవిడ అడిగింది. పేరు చెప్పలేకపోయాను."

చెప్పాను. అతను ఒకసారి పలికి చూసుకుని, తల ఊపి, మళ్ళీ తాడు లాగాడు. నేను వెనక్కి వచ్చి కాగితం కింద సంతకం పెట్టాను. సాయంత్రం అయిదింటికి జాబితా పైకి వెళ్ళింది. అందులో అతనిది పధ్నాలుగో పేరు.